గుడివాడలో పెరడు, విజయవాడలో ఉద్యోగం

ఆ రోజుల్లో నాకొక దృఢవిశ్వాసం ఉండేది. తెల్లకాగితం మధ్య ఒక గీత గీసి, ఎడమవైపు కొన్ని అంకెలూ కుడివైపు కొన్ని అంకెలూ రాసి కూడితే తేలని విషయం ఈ లోకంలో ఉండదని నేను నమ్మేవాణ్ణి. మా వంశంలో మొట్టమొదట డిగ్రీ పట్టా పుచ్చుకున్నవాణ్ణి నేనే. మా నాన్నగారు అవనిగడ్డ దగ్గర ఒక రైసుమిల్లులో బస్తాలు మోసేవారు. ఇంట్లో ఏ వ్యవహారం తలెత్తినా, అది కరెంటు బిల్లు కానివ్వండి, మేనత్తగారి మోకాలి ఆపరేషను కానివ్వండి, "వాణ్ణి అడగండి, వాడు చదువుకున్నాడు" అని ఆయన పక్కకు తప్పుకొనేవారు. ఆ మాట వినగా వినగా, చదువుకున్నవాడు వేసిన లెక్క తప్పదన్న సంగతి ఆయనకంటే ముందు నేనే నమ్మేశాను. (ఇప్పుడా నమ్మకం లేదు. జుట్టూ నమ్మకాలూ నాకు ఇంచుమించు ఒకే వేగంతో పలచబడ్డాయి.)

విజయవాడలో ఒక లారీ రవాణా కంపెనీ కార్యాలయంలో నాకు గుమాస్తా ఉద్యోగం దొరికింది. అప్పటికి పెళ్లయి మూడు నెలలు. ఇల్లు వెతకడానికి మూడు ఆదివారాలు విజయవాడ వీధుల్లో తిరిగాను. నా జీతానికి తగినదని చూపించిన గదిలో మంచం వేస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరిస్తే మంచం పట్టదు. "ఇద్దరేగా సార్, మంచం ఎందుకు, చాప చాలదూ" అని అడిగాడు ఆ గదిని చూపించిన బ్రోకరు, ఎంతో సానుభూతితో. అదే సమయంలో మా ఆవిడ తరపు బంధువొకరు గుడివాడలో ఒక పోర్షను ఖాళీగా ఉందని కబురు చేశారు. రెండు గదులు, వసారా, వంటిల్లు, వెనక విశాలమైన పెరడు, పెరట్లో కరివేపాకు చెట్టు, రెండు కొబ్బరిచెట్లు. అద్దె ఆ విజయవాడ గది అద్దెలో సగానికి కొంచెం తక్కువ. రైలుకు నెలవారీ సీజను టిక్కెట్టు తీసుకుంటే రోజుకు పడేది ఒక టీ ఖరీదు కూడా కాదు. ఇంకేముంది, కాగితం తీశాను, గీత గీశాను, కూడాను. గుడివాడ ఎంత స్పష్టంగా గెలిచిందంటే, రెండోసారి కూడి చూడడం విజయవాడను అవమానించినట్టవుతుందనిపించింది.

మా ఆవిడ ఆ కాగితాన్ని శ్రద్ధగానే చదివింది. చదివి ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"అంతా బాగానే ఉందండి. మరి మీరు ఇంట్లో ఎప్పుడుంటారు?"

"సాయంత్రానికల్లా వచ్చేస్తాను. గంటన్నర ప్రయాణమే కదా" అన్నాను. (ఆ 'గంటన్నర' అన్నది టైంటేబుల్లో ఉన్న సంఖ్య. టైంటేబులు కూడా నాలాగే కాగితం మీద ఆధారపడి బతికేదని అప్పటికి నాకు తెలియదు.)

పాలు పొంగించడానికి పురోహితుడు తెల్లవారుజామున నాలుగున్నరకు ముహూర్తం పెట్టాడు. చీకట్లో పాలు పొంగించి, చీకట్లోనే ఇంటి యజమానురాలైన మామ్మగారికి నమస్కరించి, అటునుంచి అటే స్టేషనుకు వెళ్లిపోయాను. ఆమె ముందు పోర్షనులో ఉండేవారు. ఇల్లు బాగుందన్న సంగతి ఆ రోజు మా ఆవిడే ఫోనులో చెప్పింది.

కార్యాలయం తొమ్మిదింటికి. ఆరునెలల తరవాత ఉద్యోగం ఖాయపరుస్తారు, ఆలోగా ఆలస్యం కాకూడదు. సమయానికి చేర్చాల్సిన బండి తరచు విజయవాడ శివార్లలో నిలబడి ఆలోచిస్తూ ఉండేది కనుక, దాని ముందుదైన ఐదున్నర బండి పట్టుకోవడం క్షేమమని తేల్చుకున్నాను. అది ఏ ఆలోచనా లేకుండా ఏడింటికే విజయవాడ చేర్చేది. అటుపైన నేను కార్యాలయం మెట్ల మీద, మూసి ఉన్న షట్టరుకు ఆనుకుని, రెండు గంటలు కూర్చునేవాణ్ణి. ఇంటిదగ్గర నిద్రపోవలసిన ఆ రెండు గంటలూ సిమెంటు మెట్ల మీద మేలుకుని గడపడానికి నా కాగితంలో ఏ గడిలోనూ ధర వేయలేదన్న విషయం అక్కడ కూర్చున్నప్పుడే నాకు మొదటిసారి తట్టింది.

మొదటిరోజు బండిలో ఖాళీగా ఉన్న కిటికీ పక్క సీటులో కూర్చున్నాను. ఎదుటివరసలో ఉన్న ఒక బ్యాంకు ఉద్యోగి (తరవాత ఆయన మాకందరికీ బ్యాంకు బావ అయ్యారు) నన్ను జాలిగా చూశారు.

"కొత్తా బావా?"

"అవునండి."

"లేచి నిలబడు మరి. అది కిటికీ మావయ్యది. పందొమ్మిదేళ్లుగా ఆయనదే."

"రిజర్వేషన్ లేని పెట్టె కదండి?"

"ప్రభుత్వానికి లేదు. మాకుంది."

ఇంతలో, టీ కోసం ప్లాట్‌ఫారం మీదికి దిగిన కిటికీ మావయ్య తిరిగి వచ్చారు. బందరులో తయారైన రోల్డుగోల్డు నగలను పెట్టెలో పెట్టుకుని విజయవాడ దుకాణాలకు వేసే పెద్దమనిషి. తెల్లని గడ్డం, ఇస్త్రీ చొక్కా. నేను లేచి క్షమాపణ చెప్పుకుంటే, "కూర్చో అల్లుడూ, ఇందుపల్లి దాకా కూర్చో. కొత్తవాళ్లకి మొదటిరోజు రాయితీ ఉంది" అన్నారు. ఇందుపల్లి రాగానే, రాయితీ ముగిసిందని గుర్తుచేస్తున్నట్టు, చిన్నగా దగ్గారు. ఆ తరవాత తొమ్మిది నెలలూ నేను ఎక్కువభాగం నిలబడే ప్రయాణం చేశాను. సీటు సీనియారిటీని బట్టి వస్తుంది. ఎవరైనా రిటైరైతేనో బదిలీ అయితేనో వరస ఒక మెట్టు కదులుతుంది. మా బృందంలో ఎవరికైనా బదిలీ అయిందంటే ముందు అభినందించి, తరవాత ఆ సీటు వంక చూసేవాళ్లం.

ఇక సాయంత్రం బండిలో మరొక కట్టుబాటు ఉండేది. తిరుగుప్రయాణంలో ఉప్పలూరు దాటేసరికి పెట్టె పెట్టెంతా నిద్రపోయేది. అందువల్ల గుడివాడలో దిగవలసిన మా ఆరుగురిలో రోజుకొకరు మేలుకుని ఉండి, గుడివాడ రాబోతుండగా మిగిలిన ఐదుగురినీ లేపాలి. దాన్ని 'మెలకువ వంతు' అనేవారు. చేతికి వాచీ ఉన్నా, జేబులో ఫోనులో అలారం ఉన్నా, ఎవరూ వాటిని వాడేవారు కాదు. అలా వాడితే వంతు మనిషిని నమ్మనట్టు. కొత్తవాడినైన నన్ను ఐదు నెలల పరిశీలన తరవాత గాని ఆ వంతులోకి తీసుకోలేదు. తీసుకున్ననాడు నాకు కలిగిన గర్వం పట్టా పుచ్చుకున్ననాటి గర్వానికి తీసిపోదు.

ఈ విధంగా ఉదయం చీకటితో బయలుదేరి, చీకటి పడ్డాక ఇల్లు చేరుతూ వచ్చాను. ఆదివారాలూ పండగలూ తెల్లవారకముందే ఇద్దరం బస్సెక్కి దివిసీమలోని మా ఊరు వెళ్లి, రాత్రికి తిరిగి వచ్చేవాళ్లం. పట్టభద్రుడైన కొడుకు వారానికొకసారైనా కనిపించాలని మా అమ్మ పట్టుదల. ఒక ఆదివారం భోజనాల దగ్గర మా నాన్నగారు యథాలాపంగా అడిగారు.

"ఇంటికి రంగు ఏం వేశార్రా?"

"పసుపు నాన్నా. లేతపసుపు" అన్నాను, ఏమాత్రం తడుముకోకుండా.

మా ఆవిడ విస్తరి వైపు చూస్తూనే నెమ్మదిగా, "ఆకుపచ్చండి, మావయ్యగారూ" అంది. బల్బు వెలుగులో తప్ప నేనెన్నడూ ఆ గోడలు చూడలేదు. మా నాన్నగారు మరొక గరిటె పప్పు వేయించుకుని, "చదువుకున్నాడు కదమ్మా, పసుపంటే పసుపే అనుకో" అన్నారు కోడలితో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు బస్సులో తిరిగి వస్తుంటే మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

వేసవి మొదట్లో మామ్మగారు ఒక సంగతి తేల్చమన్నారు. ఒక లెక్చరరుగారి కుటుంబం ఆ పోర్షను కోసం తిరుగుతోందట. మేము ఉండేట్లయితే ఇంకో ఏడాదికి మాట ఇవ్వాలి, లేకపోతే నెలాఖరుకు చెప్పేయాలి. ఉందామని నేను అప్పటికే నిర్ణయించుకున్నాను. ఇప్పుడు ఖాళీ చేస్తే నా లెక్క తప్పని నేనే ఒప్పుకున్నట్టవుతుంది కదా. మా ఆవిడ మాత్రం కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ ఇలా అంది.

"ఉందామండి, నాకేం అభ్యంతరం లేదు. ఈ పెరడు కోసమేగా ఇల్లు తీసుకున్నాం. నెలాఖరులోపల ఒక్కరోజు వెలుతురుండగా రండి. ఇద్దరం ఆ పెరటిగట్టు మీద కూర్చుని ఒక టీ తాగుదాం. అది కుదిరితే ఏడాది ఉందాం. కుదరకపోతే ఆ మంచం పట్టని గదికే పోదాం, చాప వేసుకుంటాను."

ఆమె పగలంతా ఒంటరిగా ఆ పెరట్లో ఎవరితో మాట్లాడేదో, నేను తొమ్మిది నెలలుగా అడగనే లేదని అప్పుడు తట్టింది. ఉద్యోగం అప్పటికి ఖాయమైంది. అయినా పనిరోజున సెలవు అడగడం నా స్వభావంలో లేదు. ఆ నెల చివరి శనివారం కార్యాలయం ఒంటిపూట అని తెలిసి ప్రాణం లేచివచ్చింది. ఒంటిగంటన్నర బండి ఎక్కితే మూడింటికి గుడివాడ, మూడుంబావుకు పెరటిగట్టు. వస్తున్నానని ఫోను చేసి చెప్పాను. "అల్లంటీ పెడతాను" అంది. ఆ గొంతులో సంతోషం విని, అది విని ఎన్నాళ్లయిందో లెక్కవేయకుండా ఉండడానికి చాలా ప్రయత్నించాను.

ఆ శనివారం మెలకువ వంతు నాది. మా బృందంలో చాలామందికి ఆ రోజు ఒంటిపూటే కనుక ఆరుగురమూ ఒకే పెట్టెలో ఉన్నాం. బ్యాంకు బావ నన్ను చూసి, "ఏంటి బావా, కళ్లు అలా ఉన్నాయి? వంతు మార్చుకుంటావా?" అన్నారు.

"వద్దండి. వరస తప్పితే బాగుండదు" అన్నాను. (నా జీవితంలో పలికిన ముఖ్యమైన తప్పుడు మాటల్లో ఇది రెండవది. మొదటిది లేతపసుపు.)

మిట్టమధ్యాహ్నం. కిటికీల్లోంచి వడగాడ్పు. ఉప్పలూరు దాటగానే నా ఐదుగురూ ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు. నమ్మకం వల్ల వచ్చే నిద్ర చాలా గాఢంగా ఉంటుంది. వాళ్లను చూస్తూ, బాధ్యత గల మనిషిగా నిటారుగా కూర్చున్నాను. ఆ రోజు ఖాళీలు ఎక్కువ కనుక నాకూ సీటు దొరికింది. తొమ్మిది నెలలు నిలబడి ప్రయాణించినవాడికి సీటు ఇవ్వడం ఎంత ప్రమాదమో ఎవరూ ఊహించలేదు. ఇందుపల్లి చూసినట్టు గుర్తుంది. పెరటిగట్టు మీద రెండు గ్లాసులు ఎలా ఉంటాయో ఊహించుకున్నట్టు గుర్తుంది.

ఎవరో నా మోకాలు తట్టారు. కళ్లు తెరిస్తే కిటికీ మావయ్య, పెట్టె ఒళ్లో పెట్టుకుని తాపీగా నన్ను చూస్తున్నారు. బయట స్టేషను బోర్డు మీద పెడన అని రాసి ఉంది. అంటే గుడివాడ దాటి చాలాసేపయింది. బందరు ఇంకెంతో దూరం లేదు. నా ఎదురుగా ఐదుగురు గృహస్థులు పసిపాపల్లా నిద్రపోతున్నారు.

"మావయ్యా, మీరు మేలుకునే ఉన్నారా?"

"ఉన్నాను అల్లుడూ. గుడివాడలో పది నిమిషాలు ఆగింది కూడా."

"మరి లేపలేదేం?"

"వంతు నీది. నేను కలగజేసుకుంటే నీ వంతుకి మర్యాద ఏముంటుంది? లేస్తావేమోనని చూశాను. పెడన దాకా చూశాను."

ఆయన వెటకారం చేస్తున్నారో, నిజంగానే అంటున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. బ్యాంకు బావ కళ్లు తెరిచి, బోర్డు చూసి, మళ్లీ కళ్లు మూసుకుని, "బావా, కల అని చెప్పు" అన్నారు.

బందరు స్టేషనులో మా సీజను టిక్కెట్లు చెల్లవు, అవి గుడివాడ వరకే. ఆరుగురి జరిమానా నేనే కట్టాను. ఆ నెల అద్దెలో మిగిలించిన సొమ్ము సరిగ్గా ఆ గేటు దగ్గర సరిపోయింది. పక్కకు వెళ్లి ఇంటికి ఫోను చేశాను.

"ఎక్కడిదాకా వచ్చారండి? నీళ్లు పొయ్యి మీద పెట్టనా?"

"బందరులో ఉన్నాను."

"బందరులో పనేంటండి?"

"నిద్రపోయాను."

ఆమె కోప్పడితే నాకు తేలికగా ఉండేది. "సరే, మెల్లగా రండి. ఎండగా ఉంది" అని పెట్టేసింది.

వెంటనే బస్సెక్కాలని నేను తొందరపడుతుంటే కిటికీ మావయ్య ఒప్పుకోలేదు. ఇంటిముందు నుంచి వెళ్తూ టీ తాగకుండా పోతే ఆయనకు తలవంపులట. మిగిలిన ఐదుగురూ వెంటనే సరేనన్నారు. వాళ్లను అక్కడికి మోసుకొచ్చిన నేరస్థుణ్ణి నేను, కాదనడానికి నాకు నోరేది? అలా ఆ సాయంత్రం నాలుగున్నరకు, నిండు వెలుతురులో, ఒక చక్కని అరుగు మీద కూర్చుని, ఐదుగురు మగవాళ్లతో కలిసి, ఎంతో రుచికరమైన టీ తాగాను. మావయ్య సాయంత్రం చేసే అసర్ నమాజుకు వెళ్లి వచ్చి నా పక్కన కూర్చున్నారు. సంగతంతా విన్నారు.

"ఎన్నాళ్లయింది నువ్వు ఈ బండెక్కి?"

"తొమ్మిది నెలలండి."

"మా పెద్దమ్మాయి నడక నేర్చిన రోజు నేను బండిలో ఉన్నాను. రెండోదీ అంతే. ఆదివారం చూస్తే ఇల్లంతా తిరుగుతున్నారు. నాకంటే కుదరదు, సరుకు బందరులోది, బేరం బెజవాడది. నీకేం? నీ సరుకు నీతోనే ఉంటుంది కదా." కాస్త ఆగి, "కిటికీ సీటు మీద ఆశేమైనా ఉందా? ఉంటే మానుకో. నా వెనక ఇంకా పదకొండు మంది ఉన్నారు" అన్నారు.

బస్సు పామర్రు మీదుగా తిరిగి గుడివాడ చేరేసరికి వీధిదీపాలు వెలిగాయి. చివరి మలుపు దగ్గర, సిగ్గు విడిచి పరుగెత్తాను కూడా. పడమటివైపు కొంచెం ఎరుపు మిగిలే ఉంది. దాన్ని వెలుతురు కింద జమకట్టవచ్చునా అని ఆలోచిస్తూ గుమ్మంలోకి వచ్చాను. మా ఆవిడ వసారాలో కూర్చుని ఉంది. నా ముఖం చూసి, ఆ ఎరుపు చూసి, "వాదించకండి. కాళ్లు కడుక్కోండి, అన్నం పెడతాను" అంది. భోజనం మధ్యలో, "మామ్మగారికి ఖాళీ చేస్తామని చెప్పేయి" అన్నాను. ఒక లెక్క తప్పని ఒప్పుకుంటూ నేను అన్నం తినడం అదే మొదలు. ఆమె గెలిచినట్టేమీ కనిపించలేదు. మజ్జిగ పోస్తూ, "కరివేపాకు కొమ్మ ఒకటి తీసుకెళ్దామండి. డబ్బాలో వేస్తే బతుకుతుందేమో" అంది.

ఖాళీ చేసే రోజున నేను, ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారిగా, సెలవు పెట్టాను. సాయానికి మా నాన్నగారు దివిసీమ నుంచి వచ్చారు. నేను పుస్తకాల పెట్టె ఎత్తుకుని మూడడుగులకొకసారి దింపుతూ వాకిట్లోకి వస్తుంటే, ముందు పోర్షను గుమ్మంలో నుంచి మామ్మగారు నన్ను ఎగాదిగా చూసి, మా ఆవిణ్ణి పిలిచారు.

"ఈ అబ్బాయికి కూలి ఎంత మాట్లాడావమ్మాయి? మనిషి చూస్తే నీరసంగా ఉన్నాడు. బీరువా ఎత్తగలడా?"

మా ఆవిడ ముఖం ఏమాత్రం మారలేదు. "బలం లేదు గానీ, నమ్మకస్థుడేనండి మామ్మగారూ. తెలిసినవాడే."

అప్పటికే బీరువాను వీపుకెత్తుకుని గుమ్మం దాటుతున్న మా నాన్నగారు, దాన్ని సామాను బండిలోకి దింపి, నుదురు తుడుచుకుని, "మన వంశంలో బస్తా మొయ్యకుండానే కూలివాడివనిపించుకున్నది నువ్వొక్కడివేరా" అన్నారు. ఆయన అంతగా నవ్వడం అంతకుముందెన్నడూ నేను చూడలేదు. మామ్మగారు సంగతి తెలిసి నాలుక కరుచుకుని, లోపలికి వెళ్లి నాకొక గ్లాసు మంచినీళ్లు తెచ్చారు.

సామానంతా ఎక్కాక, తాడు బిగించడానికి మా నాన్నగారు అటు వెళ్లినప్పుడు, మా ఆవిడ మామ్మగారి పొయ్యి మీద పెట్టిన టీ రెండు గ్లాసుల్లో పోసుకుని పెరటివైపు నడిచింది. వెనకాలే వెళ్లాను. ఉదయం పదిగంటల ఎండ. గోడలు నిజంగానే ఆకుపచ్చగా ఉన్నాయి. కొబ్బరాకుల నీడ గట్టు మీద కదులుతోంది. గట్టు మీద ఒకచోట నున్నగా అరిగి, మనిషి కూర్చునేంత జాగా మెరుస్తోంది. దాని పక్కన కూర్చున్నాను. అల్లం కొంచెం ఎక్కువైంది, చెప్పలేదు.

"ఇదేనండి, మీరు నెలనెలా అద్దె కట్టింది" అంది.

ఐదు నిమిషాలు కూర్చున్నాం. బండి డ్రైవరు హారను కొట్టాడు.

ఆ విజయవాడ గదిలో మేము నాలుగేళ్లు చాప మీదే పడుకున్నాం. కార్యాలయానికి పావుగంట నడక. ఇప్పుడు కొంచెం పెద్ద ఇల్లే. మంచం పడుతుంది, తలుపూ తెరుచుకుంటుంది. సాయంత్రం ఐదున్నరకు ఇల్లు చేరుతాను. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రవాళ్లు ఉయ్యూరులో చవకట, పెదపారుపూడిలో ఇంకా చవకట అని ఫోనులో లెక్కలు చూపిస్తే, ఆ అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయని చెప్పి ఊరుకుంటాను. కూడికలో తప్పు నాకూ దొరకలేదు కదా. ఎప్పుడైనా చుట్టాలు వచ్చి పాత సంగతులు కదిలినప్పుడు మా ఆవిడ, "మేము గుడివాడలో పదినెలలు ఉన్నాం" అంటుంది. నేను, అలవాటైన నిజాయితీతో, "నువ్వు ఉన్నావు" అని సవరిస్తాను. అప్పుడామె నా వైపు తిరిగి, ఆ సిమెంటు మెట్ల మీద తూగుతూ కూర్చున్న మనిషి కూడా ఈ గదిలోనే ఉన్నట్టు, అతనికి కూడా వినపడాలన్నట్టు, మెత్తగా అంటుంది.

"మీరూ ఉన్నారండి. ఒక ఐదు నిమిషాలు."